గొడుగు ఉండగా తడిసినవాళ్ళు

“ఈ ప్రకటన రాసిన మహానుభావుడు ఎవరండీ?”

ఫోన్ ఎత్తగానే హలో లేదు, ఎవరన్నది లేదు, నేరుగా ఇదే మాట.

“నేనేనండీ,” అన్నాను. ఆ మహానుభావుడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడని చెప్పి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

“మీరేనా? చాలా సంతోషం. చెత్త డంపింగ్ యార్డుల గ్యాస్ గురించి తెలిసిన నిపుణులు కావాలి, పదిహేనేళ్ళ అనుభవం తప్పనిసరి అని రాశారు. ఆ గ్యాస్‌ని లెక్కగట్టే పద్ధతి వచ్చిందే తొమ్మిదేళ్ళ కిందట. మిగతా ఆరేళ్ళూ ఆ నిపుణుడు ఏం చెయ్యాలి? పద్ధతి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోవాలా?”

“అంటే, అది...”

“ఆగండి, ఇంకా అవలేదు. ఏ వెరిఫయర్ కంపెనీలోనూ ఎప్పుడూ పనిచేసి ఉండకూడదట! మీకు కావలసింది వెరిఫయర్లని పరీక్షించే మనిషి. ఆ పని ఒక్కరోజు కూడా చెయ్యనివాళ్ళు వాళ్ళ తప్పులెలా పట్టుకుంటారండీ? ఈత రానివాణ్ణి తెచ్చి ఈత పోటీకి జడ్జిగా కూర్చోబెడతారా?”

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అన్నది అక్షరాలా నిజం కావడంతో ఇంకాస్త మండింది.

“అంత తెలిసినవారు మీరే అప్లై చెయ్యొచ్చుగా!”

“ఎలా చేస్తాను? మీ ప్రకటన ప్రకారం నాకు అర్హత లేదు!”

ఠక్కున పెట్టేసింది. నేను ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. పక్క సీటులో అకౌంటెంట్ కిసుక్కున నవ్వాడు.

నా ఉద్యోగం ఏమిటో మా అక్కకి ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. ఆవిడకి చెప్పినట్టే మీకూ చెబుతాను. ఒక ఫ్యాక్టరీయో, ఒక చెత్త యార్డో, ‘మేము గాలిలోకి వదిలే పొగ ఇంత తగ్గించాం’ అని చెప్పుకుంటుంది. నిజమేనా అని చూడటానికి వెరిఫయర్ కంపెనీలుంటాయి. ఆ కంపెనీలకి పని వచ్చా, నిజాయితీ ఉందా అని పరీక్షించి గుర్తింపు ఇచ్చేది మా ఆఫీసు. ఆ పరీక్ష చేసే నిపుణుల్ని అసెసర్లంటారు. అసెసర్లని వెతికి పట్టుకురావడం నా పని.

“అంటే తనిఖీ చేసేవాళ్ళని తనిఖీ చేసేవాళ్ళని వెతికేవాడివన్నమాట,” అంది అక్క. “మరి నిన్నెవరు తనిఖీ చేస్తార్రా?”

“నువ్వున్నావుగా.”

బావ పేపరు వెనకాల నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

చెత్త యార్డుల అసెసర్ కోసం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ప్రకటన చూసి నేరుగా ఆఫీసుకి వచ్చినవాళ్ళలో ఒకాయన పెట్రోల్ బంకు పక్కన బళ్ళ పొగ పరీక్ష చేస్తాడు. ఇంకొకాయన ఊపిరి పీల్చడం నేర్పే గురువు. మనిషి మెల్లగా ఊపిరి వదిలితే గాలి బాగుపడుతుందని నాతో అరగంట ఊపిరి వదిలించాడు. ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారికి అన్ని అర్హతలూ ఉన్నాయి గానీ, చెత్త వాసన పడదట. తల ప్రాణం తోకకొచ్చింది.

కాబట్టి అహం చంపుకుని ప్రకటన మార్చాను. ఆవిడ చెప్పిన రెండూ దిద్దాను. సాయంత్రం ఆ నంబరుకి ఫోన్ చేసి, “మార్చామండీ,” అన్నాను.

“చూశాను. ఇంకో తప్పుంది.”

“దేవుడా! ఏంటండీ?”

“అప్లికేషన్ పంపాల్సిన మెయిల్ అడ్రస్ పనిచెయ్యట్లేదు. మూడుసార్లు తిరిగొచ్చింది. అంటే ఇన్నాళ్ళూ నిజమైన నిపుణులెవరైనా పంపి ఉన్నా మీకు చేరి ఉండదు.”

ఆ నంబరుని నా ఫోన్లో ‘చెత్త మేడమ్’ అని సేవ్ చేసుకున్నాను. కొంచెం పనిని బట్టి, చాలావరకు కోపంతో.

*

మా దగ్గర అసెసర్ కావాలంటే ఒక విజిట్‌కి రావాలి. ఏదో ఒక వెరిఫయర్ కంపెనీ సైట్‌లో పనిచేస్తుంటే అభ్యర్థి పక్కన నిలబడి చూడాలి. చూడటమే. నోరు విప్పకూడదు, సాయం చెయ్యకూడదు, మొహంలో ఏమీ కనబడనివ్వకూడదు. వెరిఫయర్లు చేసిన తప్పులన్నీ తర్వాత చెప్పాలి. వెంట వెళ్ళి మార్కులు వేసేది కోఆర్డినేటర్, అంటే నేను.

ఆఫీసు వ్యాను దగ్గర ఆవిణ్ణి మొదటిసారి చూశాను. ఫోన్లో గొంతు విని ఎవరో భారీ మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే సన్నగా, నా భుజం దాకా వచ్చే అమ్మాయి. కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. నా తళతళలాడే షూస్ వంక ఒక్క చూపు చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

యార్డులో చెత్త గుట్ట మీద మట్టి కప్పి, లోపల్నించి పైపులు వేసి గ్యాస్ లాగి, చివర ఒక పొడవాటి గొట్టం దగ్గర మండిస్తున్నారు. ఎంత గ్యాస్ మండిందో చెప్పే మీటరు నిచ్చెనెక్కితేగానీ కనబడదు. వెరిఫయర్ కంపెనీ కుర్రాడు నిచ్చెన మీద కాలు పెట్టాడో లేదో వాన మొదలైంది. కాలు తీసేశాడు. రేకుల షెడ్డులోకి పోయి, యార్డు ఆపరేటర్ ఫోన్లో ఉన్న మీటరు ఫోటో చూసి నంబరు రాసుకున్నాడు. పైగా ఈలపాటొకటి.

చెత్త మేడమ్ మొహం ఎర్రబడింది. నోరు తెరవబోయింది.

“రూల్,” అన్నాను మెల్లగా.

పళ్ళు బిగించి నన్ను చూసింది. ఆ చూపుకి నేను సగం మండిపోయాను, మిగతా సగం ఏమయిందో అప్పుడు తెలియలేదు. చరచరా వెళ్ళి, ఆ వానలో తనే నిచ్చెనెక్కి, మీటరు చూసి దిగింది. చూడటం రూల్‌కి విరుద్ధం కాదు.

దిగేసరికి నిలువునా తడిసింది. కింద నేను నిలబడి ఉన్నాను. చేతిలో బావ గొడుగు. ముడిచి ఉంది.

“అదేంటి చేతిలో?” అంది.

“గొడుగండీ.”

“అది కనబడుతోంది. ఎందుకు విప్పలేదు?”

“అభ్యర్థికి కోఆర్డినేటర్ ఏ సౌకర్యమూ చెయ్యకూడదండీ. మిగతా అభ్యర్థులకి అన్యాయం అవుతుంది.”

“మిగతా అభ్యర్థులెవరు?”

“ప్రస్తుతానికి ఎవరూ లేరు.”

“మరి?”

“రూల్ రూలే కదండీ.”

ఆవిడ ఆకాశం వంక చూసింది, ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు. “సరే. నాకొద్దు. మీరైనా వేసుకోండి. ఎందుకలా తడుస్తారు?”

“మీరు తడుస్తుంటే నేనెలా వేసుకుంటానండీ?”

“ఇదీ రూలేనా?”

“కాదు. ఇది నేనే.”

ఆవిడ కనురెప్పల మీంచి నీళ్ళు తుడుచుకుంది. విజిట్‌కి వెళ్ళినట్టు ఫోటో ఉండాలి కాబట్టి ఆపరేటర్ని పిలిచి మా ఇద్దర్నీ తీయమన్నాను. తీశాడు. గొడుగు వంకా మా వంకా మార్చి మార్చి చూసి, తల విదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

వ్యానులో ఆవిడ నాకు వెరిఫయర్లు చేసిన తప్పులన్నీ చెప్పింది. ఏడో ఎనిమిదో చెప్పింది. నేను చూసినవి రెండే. తర్వాత కిటికీ వైపు తిరిగి, అడక్కుండానే చెప్పింది.

“నా పాత కంపెనీలో అచ్చం ఇదే. మీటరు చూడకుండా చూశానని సంతకం పెట్టమన్నారు. ఒక్కసారికే కదా అన్నారు. పెట్టలేదు. మానేశాను. మిగతా కంపెనీలు కూడా నాతో పడలేమని చెప్పుకున్నాయట, ఎవరూ పిలవట్లేదు. ఇదొక్కటే నాకు మిగిలిన తలుపు. ఇది కూడా మూసుకుంటే నేర్చుకున్నదంతా పక్కన పెట్టి ఇంకేదైనా చూసుకోవాలి.”

కాసేపటికి ఆవిడ తన ఫోన్ కనబడట్లేదని సీట్ల మధ్య వెతకడం మొదలుపెట్టింది.

“ఒకసారి రింగివ్వండి.”

ఇచ్చాను. ఆవిడ నా చేతిలోకి తొంగిచూసింది. తెర మీద పెద్ద అక్షరాలతో ‘చెత్త మేడమ్’.

“ఇదేంటి?”

“చెత్త... నిపుణురాలైన మేడమ్ అని. చోటు చాలక...”

ఇంక అయిపోయాననుకున్నాను. కానీ ఆవిడ నవ్వింది. ఎంతలా నవ్విందంటే, డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. సీటు కింద ఆవిడ ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. ఆ నవ్వు దగ్గర నా పని అయిపోయింది.

*

“గొడుగుండగా ఎలా తడిశావురా?” అంది అక్క గుమ్మంలోనే.

“రూల్ అక్కా.”

“ఏ రూల్? గొడుగు విప్పకూడదని రూలా? ఏవండీ, వీడి ఆఫీసువాళ్ళకి మతి ఉందా అసలు?” అని బావని కేకేసింది. టవల్ తెచ్చి నా తల తనే తుడుస్తూ, “ఆ గొడుగు ఆరబెట్టు. లేకపోతే తుప్పు పడుతుంది,” అంది. తర్వాత తుడవడం ఆపింది. “ఎవరా అమ్మాయి?”

“ఏ అమ్మాయి?”

“నువ్వు తడిస్తే తుమ్ముతావు. ఇవాళ నవ్వుతున్నావు. ఎవరా అమ్మాయి?”

చెప్పాను. మా అక్క దగ్గర దాచడం నావల్ల కాదు. చెప్పేసరికి సంబరపడుతుందనుకుంటే నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఆ అమ్మాయికి చెప్పావా?”

“కూడదక్కా. ఎంపిక అయ్యేదాకా అభ్యర్థితో సొంత మాటలు మాట్లాడకూడదు.”

“ఆ తర్వాత?”

ఆ తర్వాతే అసలు చిక్కు. మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ప్రతి ఎంపిక మీటింగూ ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి ఛైర్మన్ మేడమ్ అడుగుతారు: ‘ఈ గదిలో ఎవరికైనా ఎవరితోనైనా సంబంధం ఉందా?’ ఒక్కొక్కరం నోటితో పైకి చెప్పాలి. నేను చేరినప్పటినుంచీ అందరూ ‘లేదు, లేదు’ అనడమే విన్నాను. ఉందంటే వాళ్ళు వేసిన మార్కులు చెల్లవు. మార్కులు లేకపోతే ఆ అభ్యర్థికి ఆ ఏడాది అంతే సంగతులు.

“అయితే లేదను,” అంది అక్క. “అక్కడ లేదని, బయటికొచ్చాక ఆ అమ్మాయికి ఉందని చెప్పు.”

“అబద్ధం కదక్కా.”

“ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది కదరా!”

“చూడని మీటరు చూశానని సంతకం పెట్టనని ఉన్న ఉద్యోగం వదులుకుందక్కా ఆవిడ. ఆవిడకి ఉద్యోగం రావడానికి నేను అబద్ధం చెప్పనా?”

అక్క, బావ మొహమొహాలు చూసుకున్నారు. “నీతో వేగలేను బాబూ,” అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. తడి గొడుగు ఆరబెట్టకుండానే నా ఆఫీసు బ్యాగులో ఉండిపోయింది.

*

మీటింగు రోజు ఆవిడ నాకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. మామూలు చెప్పులే వేసుకొచ్చింది. నా కళ్ళు ఆ రబ్బరు బూట్ల కోసం వెతికాయి, ఎందుకో.

ఛైర్మన్ మేడమ్ పెద్దావిడ. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారంటే మీటింగు మొదలైనట్టు. తీసి పెట్టారు. ముందు ఆవిణ్ణే అడిగారు.

“ఈ గదిలో ఎవరితోనైనా సంబంధం ఉందా అమ్మా?”

“లేదు మేడమ్.” టకీమని చెప్పేసింది. కాస్తయినా ఆలోచించలేదు.

అటువైపు ఇద్దరు సభ్యులూ లేదన్నారు. నా వంతు వచ్చింది.

“ఉంది మేడమ్.”

పెద్దావిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “ఆ అమ్మాయి లేదంది కదయ్యా.”

“ఒక వైపునుంచే మేడమ్.”

“ఒక వైపునుంచి ఉండే సంబంధం ఏమిటది? చుట్టరికమా?”

“కాదు మేడమ్. నాకు ఆవిడంటే ఇష్టం. ఆవిడకి తెలియదు.” ఎదురుగా ఉన్న ఆవిడ వైపు చూశాను. “అంటే, ఇప్పుడు తెలిసింది.”

సభ్యుడొకాయన నీళ్ళు తాగబోయి పొలమారాడు. ఇంకొకాయన అలవాటు కొద్దీ, “దీనికి ఆధారం ఏమైనా...” అని మొదలుపెట్టి, పెద్దావిడ చూపుకి ఆగిపోయాడు.

“ఎప్పటినుంచి?” అన్నారు పెద్దావిడ.

“విజిట్ రోజునుంచి మేడమ్. ఆ మార్కులు న్యాయంగానే వేశాను. కానీ నా మాట మీరు నమ్మాల్సిన పని లేదు.”

“నమ్మకూడదు కూడా. ఆ మార్కులు కొట్టేస్తున్నాం.”

చెత్త మేడమ్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. మొహం జేవురించింది. “వెళ్ళొచ్చా మేడమ్?” అని, జవాబు కోసం చూడకుండా బయటికి నడిచింది. అనుమతి తీసుకుని నేనూ వెనకే పరిగెత్తాను. వరండాలో అందుకున్నాను.

“ఎంత పని చేశారండీ!” అంది. “పది నిమిషాలు ఆగలేకపోయారా? మీటింగయ్యాక నాకు చెబితే ఏం పోయేది?”

“అప్పుడు చెబితే లోపల చెప్పింది అబద్ధం అయ్యేది కదండీ.”

అది ఆవిడ వాదనే మరి. తన మాటే తనకి ఎదురొచ్చేసరికి కోపం రెట్టింపయింది.

“మనుషుల్ని పిచ్చెక్కిస్తారు మీరు!” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

నన్ను ఆ సీటునుంచి తీసేసి ఫిర్యాదుల విభాగంలో వేశారు. అంటే మేడ మెట్ల కింద ఒక గది, ఒక బల్ల, నేను. ఆవిడ సంగతి ఏమయిందో అడగడానికి లేదు; ఆ ఫైలు వైపు చూడటానికి కూడా నాకు హక్కు లేదు. అకౌంటెంటుకి తెలుసు గానీ, “నువ్వు సంబంధం ఉన్నవాడివి, నీకు చెప్పకూడదు,” అని తెగ ముచ్చటపడుతూ చెప్పాడు. వెధవ ఉద్యోగం. నాలాంటివాడు ఇంకొకడు దొరికాడు వీళ్ళకి.

ఇంట్లో అక్క నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడటం మానేశానని మాత్రం పూటకోసారి చెప్పేది.

అలా ఒక నెల గడిచిందేమో. ఓ సాయంత్రం ఆఫీసు మూసే వేళకి వాన పట్టుకుంది. బల్ల సర్దుకుంటుంటే తలుపు దగ్గర టపటపమని చప్పుడు. రబ్బరు బూట్లు.

“ఫిర్యాదులు ఇక్కడేనా తీసుకునేది?”

నా చేతిలో పెన్ను జారిపోయింది. “ఇక్కడేనండీ. కూర్చోండి.”

కూర్చుంది. మొహంలో కోపం అలాగే ఉంది. మా పద్ధతి ప్రకారం ఫిర్యాదుని మధ్యలో అడ్డుపడకుండా వినాలి. చేతులు కట్టుకుని విన్నాను.

“మీ పాత కోఆర్డినేటర్ మీద ఫిర్యాదు. ఆయనకి నా మీద ఇష్టం ఉందట. ఆ సంగతి ఛైర్మన్ మేడమ్‌కి చెప్పాడు, ఇద్దరు సభ్యులకి చెప్పాడు. ఆఫీసంతటికీ తెలుసు, ఇందాక గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నన్ను చూసి నవ్వాడు. నాకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. నాతో, నా మొహం చూసి, ఒక్క ముక్క చెప్పలేదు. ఇది అన్యాయం.”

“మీ... మీ ఎంపిక?”

“అడ్డుపడకూడదు కదా?”

“సారీ.”

“పెద్ద మేడమే నన్ను ఇంకో యార్డుకి తీసుకెళ్ళారు. కొత్తగా మార్కులు వేశారు. నిన్న ఉత్తర్వు వచ్చింది. తీసుకున్నారు.”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి బల్ల కింద పడ్డ పెన్ను వెతికాను.

“అంతకుముందు ఒకటి జరిగింది,” అంది. ఈసారి గొంతు తగ్గింది. “ఆ యార్డుకి వెళ్తుంటే దారిలో మేడమ్‌కి నేనే చెప్పాను. ఆ రోజు గదిలో సంబంధం లేదన్నాను, అది తప్పు, దిద్దుకోవాలి అని.”

పెన్ను దొరికినా పైకి లేవలేకపోయాను. “అలా చెబితే మీ ఉద్యోగం...”

“పోతే పోయేది. అంతా విని, ‘మార్కులు నేను వేస్తున్నాను, నీతో నాకే సంబంధమూ లేదు, కాబట్టి పరీక్షకి ఇబ్బంది లేదు’ అన్నారు. ఒక్క షరతు పెట్టారు. నా పనుల్లో దేన్లోనూ మీ చెయ్యి పడకూడదు.”

“మీరు చెప్పింది విని కోప్పడలేదా?”

“నవ్వారు. విజిట్ ఫోటో ఆ రోజే చూశారట. ‘గొడుగుండగా తడిసి నిలబడ్డ ఇద్దరికి సంబంధం లేదంటే నమ్మడానికి నేనేమైనా నిన్న పుట్టానా’ అన్నారు.”

నేను లేచి నిలబడ్డాను. పద్ధతి ప్రకారం చివరికి ఒక ప్రశ్న అడగాలి. అడిగాను.

“ఏ పరిష్కారం కోరుతున్నారండీ?”

“మీకు తెలియదా?”

ఇక తప్పదు. ఆవిడ మొహం చూశాను. మీటింగులో అంత గడగడా వచ్చిన మాట ఇక్కడ మూడోసారికి గానీ బయటికి రాలేదు. “నాకు మీరంటే చాలా ఇష్టం,” అన్నాను. “మీరు నన్ను తిట్టిన మొదటి ఫోన్ నుంచీ అయి ఉంటుంది. అప్పుడు కోపం అనుకున్నాను.”

“ఆ రోజు విజిట్ నుంచి అన్నారుగా?”

“అది కూడా దిద్దుకుంటున్నానండీ.”

ఆవిడ నవ్వింది. వ్యానులో నవ్విన నవ్వే. “నన్ను ఇంకా ‘అండీ’ అంటే ఇంకో ఫిర్యాదు పెడతాను,” అంది.

బయట వాన జోరుగా ఉంది. నేను గర్వంగా బ్యాగులోంచి బావ గొడుగు తీశాను. ఇప్పుడు రూల్ లేదు. బటన్ నొక్కాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. ఆ రోజు తడిసిన గొడుగు, ఆరబెట్టని గొడుగు, తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

“ఇన్నాళ్ళూ దీన్ని ఒక్కసారి కూడా విప్పలేదా?” అంది.

“లేదం... లేదు.”

ఆవిడ నుదురు కొట్టుకుంది. “మీతో ఎలా వేగాలో నాకు తెలియడం లేదు,” అంటూనే నా చెయ్యి పట్టుకుని వానలోకి లాగింది.

మా ఇల్లు చేరేసరికి ఇద్దరం ముద్దయిపోయాం. అక్క తలుపు తీసింది. నా చేతిలో ముడిచిన గొడుగు చూసింది. నాతో మాట్లాడటం మానేసిన సంగతి మర్చిపోయింది.

“మళ్ళీనా? గొడుగు పెట్టుకుని మళ్ళీ తడిసొచ్చావా? నీకసలు బుద్ధి...”

అప్పుడు నా వెనకాల నిలబడ్డ మనిషినీ, నీళ్ళు కారుతున్న రబ్బరు బూట్లనీ చూసింది. మా అక్క మాట మధ్యలో ఆగడం నేను పుట్టాక అదే మొదలు. ఇద్దర్నీ కిందనించి పైదాకా చూసి, లోపలికి తిరిగి గట్టిగా కేకేసింది.

“ఏవండీ! టవళ్ళు రెండు తీసుకురండి!”